రావుల్ కుతార్ కెమెరా పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచ్ సినిమాలు కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు, ఫిల్ము సంస్థల్లో ఛాయాగ్రహణం చదువుతున్నవాళ్లు, సొంతంగా లఘుచిత్రాలు తీస్తున్న యువకులు రావుల్ కుతార్ గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులను ఒకచోట పెడుతున్నాను. నవతరంగం (1950ల చివర్లో గొదార్, త్రుఫో వంటి యువ దర్శకులు ఫ్రెంచ్ సినిమాలో తెచ్చిన కొత్త ధోరణి) గురించి మన భాషలో వచ్చే వ్యాసాలన్నీ దర్శకుల దగ్గర మొదలై దర్శకుల దగ్గరే ఆగిపోతాయి. కెమెరా వెనక నిలబడిన మనిషికి దక్కాల్సిన చోటు దక్కడం లేదన్న బాధతో రాసిన పేజీ ఇది.

రావుల్ కుతార్ ఎవరు?

1924 సెప్టెంబరు 16న పారిస్‌లో పుట్టిన ఫ్రెంచ్ ఛాయాగ్రాహకుడు. దాదాపు అర్ధశతాబ్దం పాటు పనిచేసి, డెబ్బై అయిదుకు పైగా చిత్రాలకు కెమెరా పట్టారు. జాన్ లుక్ గొదార్, ఫ్రాన్స్వా త్రుఫో, జాక్ దెమీ, కోస్టా గావ్రాస్, పియర్ షోండోర్ఫర్, ఫిలిప్ గారెల్ ఆయన పనిచేసిన దర్శకుల్లో ముఖ్యులు. 1960లలో ఫ్రెంచ్ సినిమా ఎలా ఉండేదని ఎవరైనా కళ్లు మూసుకుని తలచుకుంటే, వాళ్లకు కనిపించే దృశ్యాల్లో సగానికి పైగా కుతార్ తీసినవే. 2016 నవంబరు 8న, 92 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్ నైరుతి తీరంలో బయోన్ పట్టణానికి దగ్గరలోని లాబెన్‌లో కన్నుమూశారు.

సినిమా చదువు ఎక్కడ చదివారు?

ఎక్కడా చదవలేదు. మొదట రసాయన శాస్త్రం చదవాలనుకున్నారు. ఫీజులు కట్టే స్తోమత లేక ఫోటోగ్రఫీ వైపు మళ్లారు. 1945లో సైన్యంతో పాటు ఇండోచైనా (అప్పట్లో ఫ్రెంచ్ పాలనలో ఉన్న వియత్నాం, లావోస్, కంబోడియా ప్రాంతం) వెళ్లి, అక్కడే దాదాపు పదకొండేళ్లు ఉండిపోయారు. యుద్ధ ఫోటోగ్రాఫర్‌గా పనిచేశారు. తర్వాత స్వతంత్రంగా ‘పారీ మాచ్’, ‘లుక్’ వంటి సచిత్ర పత్రికలకు ఫోటోలు పంపేవారు. రసాయనాల మీది మొదటి ఇష్టం వృథా కాలేదు. ఫిల్మును ల్యాబులో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆయనకు బాగా తెలుసు. గొదార్ తొలి చిత్రం ‘బ్రెత్‌లెస్’ సంగతి దగ్గరికి వచ్చినప్పుడు ఇది ఎంత అక్కరకు వచ్చిందో చెబుతాను.

మరి సినిమాలోకి ఎలా వచ్చారు?

పొరపాటున. ఇండోచైనాలో ఆయనకు పియర్ షోండోర్ఫర్ పరిచయమయ్యారు. షోండోర్ఫర్ ఫ్రెంచ్ సైన్యంలో మూవీ కెమెరామన్. 1954లో వియత్నాంలోని ఫ్రెంచ్ స్థావరం దియన్ బియన్ ఫూ పడిపోయినప్పుడు బందీగా చిక్కిన మనిషి. ఆయన 1956లో జాక్ దుపాన్‌తో కలిసి అఫ్గానిస్తాన్‌లో ‘లా పాస్ ద్యు ద్యాబ్ల్’ అనే చిత్రం తీస్తూ కుతార్‌ను రమ్మన్నారు. షూటింగు జరిగే చోట స్టిల్ ఫోటోలు తీయడానికే పిలుస్తున్నారనుకుని కుతార్ ఒప్పుకున్నారు. తీరా చూస్తే ఆయనకు అప్పగించింది మూవీ కెమెరా! అంతకుముందు ఆయన దాన్ని ముట్టుకున్నది లేదు.

ఆ చిత్ర నిర్మాత జార్జ్ ద బోర్గార్. కుతార్ పనితనం ఆయనకు నచ్చింది. ఆ తర్వాత షోండోర్ఫర్ తీసిన మరో రెండు చిత్రాలకూ కుతార్‌నే పెట్టుకున్నారు. ఇదంతా ఎలా జరిగిందో కుతార్ 2007లో వెలువడిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నారు. చైనా సూపు తాగుతూ తాగుతూ సినిమాలోకి వచ్చిపడ్డానన్న అర్థం వచ్చేలా దానికి ఉపశీర్షిక పెట్టుకున్నారు.

కుతార్‌ను గొదార్ ఏరికోరి ఎంచుకున్నారా?

లేదు. చాలామంది అలాగే అనుకుంటారు గానీ, 1959లో గొదార్ తన మొదటి చిత్రానికి వేరే కెమెరామన్‌ను అనుకున్నారు. బోర్గారే పట్టుబట్టి కుతార్‌ను పెట్టించారు. ఆ చిత్రమే ‘ఆ బు ద సూఫ్ల్’, మన దగ్గర ‘బ్రెత్‌లెస్’గా తెలిసినది. అలా నిర్మాత మాట మీద కలిసిన ఇద్దరూ 1967 దాకా విడిపోలేదు. ఆ తొమ్మిదేళ్లలో గొదార్ తీసిన పూర్తి నిడివి చిత్రాల్లో ‘మాస్క్యులాన్ ఫెమినాన్’ ఒక్కటి తప్ప అన్నిటికీ కుతారే ఛాయాగ్రాహకుడు.

‘బ్రెత్‌లెస్’ కెమెరా పనిని అంతగా ఎందుకు పొగుడుతారు?

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో పెద్ద చిత్రాలు స్టూడియోల్లో తయారయ్యేవి. నటి ముఖానికి ఒక దీపం, జుట్టు అంచుకు ఒకటి, వెనక గోడకు ఒకటి, ఇలా ఒక్కో షాట్‌కు గంటల తరబడి లైట్లు సర్దేవారు. నటులు నేల మీద సుద్దతో గీసిన గుర్తు దాటితే వెలుగు దాటినట్టే. వార్తాచిత్రం తీసినట్టు, లైట్లు లేకుండా తీయాలని గొదార్ అడిగారు. స్టూడియోలో పెరిగిన కెమెరామన్ అయితే ఆ మాటకు దండం పెట్టి వెళ్లిపోయేవారు. పదకొండేళ్లు అలాగే బతికివచ్చిన కుతార్‌కు అది మామూలు పని.

అడ్డంకి మరోచోట వచ్చింది. రాత్రి వీధుల్లో, వెలుతురు చాలని గదుల్లో లైట్లు లేకుండా బొమ్మ పడేంత సున్నితమైన మూవీ ఫిల్ము అప్పట్లో బజారులో లేదు. ఇల్‌ఫర్డ్ కంపెనీ ‘హెచ్‌పీఎస్’ ఫిల్ము ఉంది గానీ, దాన్ని స్టిల్ కెమెరాల కోసం 17.5 మీటర్ల చుట్టలుగా అమ్మేవారు. కుతార్, గొదార్ ఆ చుట్టలనే కొనిపించి ఒకదానికొకటి అతికించి సినిమా రీళ్లుగా మార్చారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 17.5 మీటర్లు దాదాపు 38 సెకన్లు నడుస్తుంది. అంటే ప్రతి 38 సెకన్లకూ ఒక అతుకు.

అతికించినంత మాత్రాన సరిపోదు. స్టిల్ ఫిల్ము అంచున ఉండే రంధ్రాలు సినిమా ఫిల్ము రంధ్రాలతో సరిగ్గా సరిపోలవు. స్టూడియోల్లో రాజ్యమేలుతున్న మిచెల్ కెమెరాలో అది నడవదు. ఎక్లేర్ కంపెనీ కామెఫ్లెక్స్ కెమెరాలో మాత్రం నడుస్తుంది. పైగా కామెఫ్లెక్స్‌ను భుజాన పెట్టుకుని తిరగవచ్చు. కెమెరా ఎంపిక ఇలా ఫిల్ము అంచు రంధ్రాల దగ్గర తేలిపోయింది.

ఆ పైన ల్యాబు. 400 ఏఎస్ఏ వేగమున్న (ఏఎస్ఏ అంటే వెలుగుకు ఫిల్ము ఎంత సున్నితమో చెప్పే అంకె) ఆ ఫిల్మును 800గా లెక్కగట్టి చిత్రీకరించి, ఫెనిడోన్ అనే రసాయనం కలిసిన డెవలపర్‌లో కడిగించారు. గంటకు వేల మీటర్ల ఫిల్మును ఒకే పద్ధతిలో కడిగే పెద్ద ల్యాబు, ఒక చిన్న సినిమా కోసం తన రసాయనాలు మార్చదు. పరీక్షల కోసం పక్కన ఉంచిన యంత్రాన్ని వాడుకోవడానికి వాళ్లను ఒప్పించాల్సి వచ్చింది. ఆ చిత్రం గురించి చెప్పే కథల్లో నాకు బాగా నచ్చేది ఇదే. స్వేచ్ఛగా, అలవోకగా తీసినట్టు కనిపించే ఆ దృశ్యాల వెనక ఇంత లెక్క, ఇంత రసాయన శాస్త్రం, ఇంత బతిమాలడం ఉన్నాయి. ‘ఏదో అలా తీసేశారు’ అనేవాళ్లు ఈ భాగాన్ని మరోసారి చదవాలని నా మనవి.

ట్రాలీ లేకుండా కెమెరాను ఎలా కదిలించారు?

చక్రాల కుర్చీలో కుతార్ కెమెరాతో కూర్చుంటే గొదార్ తోసేవారు. పారిస్‌లోని షాంజెలీజే వీధిలో నాయికా నాయకులు జీన్ సీబెర్గ్, జాన్ పోల్ బెల్మొండో నడిచే దృశ్యాల కోసం తపాలా శాఖవాళ్లు ఉత్తరాలు మోసే మూడు చక్రాల బండి తెచ్చారు. లోపల కుతార్, ఆయన మీద పొట్లాలు, లెన్సు చూడటానికి ఒక కంత. పక్కన నడిచే జనానికి అక్కడ సినిమా తీస్తున్నారన్న సంగతే తెలియదు. ఆ దృశ్యం మళ్లీ చూసినప్పుడు నటుల వెనక నడిచేవాళ్ల ముఖాలు గమనించండి. ఎవరూ నటించడం లేదు.

హోటల్ గది సన్నివేశం ఇంకా గమ్మత్తు. సెన్ నది ఒడ్డున ఒక హోటల్లో నిజమైన గది అది. మంచం వేస్తే మిగిలే చోటు కొద్దిగా. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగునే నమ్ముకుని కెమెరా నటుల మధ్యే మసలింది. సీబెర్గ్ కిటికీ దగ్గరకు వెళితే ఆమె ముఖం తెల్లబారుతుంది, గది లోపలికి వస్తే నీడలోకి జారుతుంది. పాత పద్ధతి కెమెరామన్ ఈ తేడాను సరిదిద్దేవారు. కుతార్ దాన్ని ఉన్నదున్నట్టు ఉంచేశారు. నిజమైన గదిలో మనుషులు తిరుగుతుంటే మన కంటికి కనిపించేది అలాగే కదా.

ఆ చిత్రంలో మాటలు షూటింగు సమయంలోనే రికార్డు చేశారా?

లేదు. కామెఫ్లెక్స్ విపరీతంగా చప్పుడు చేస్తుంది. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పారు. అందువల్ల కెమెరా నడుస్తుండగానే గొదార్ పక్క నుంచి నటులకు మాటలు అందించే వీలు కూడా దొరికింది.

‘కప్పు లైటింగ్’ అంటే ఏమిటి? దాన్ని కుతార్ పేరుతో ఎందుకు ముడిపెడతారు?

గొదార్ రెండో చిత్రం ‘ల ప్తీ సోల్దా’ను 1960లో జెనీవాలో తీశారు. ఫ్రాన్స్ అప్పట్లో చేస్తున్న అల్జీరియా యుద్ధం ప్రస్తావన ఉండటంతో ఫ్రాన్స్‌లో నిషేధానికి గురై 1963లో గాని విడుదల కాలేదు. మళ్లీ నిజమైన గదులే. నటులు ఎటు తిరుగుతారో ముందుగా తెలియదు, కెమెరా చుట్టూ తిరగాలి. గదిలో ఎక్కడ లైటు స్టాండు పెట్టినా ఫ్రేములోకి వస్తుంది.

కుతార్ చేసిన ఉపాయం వినడానికి చాలా తేలిక. కిటికీల పైభాగాన, ఫ్రేముకు అందనంత ఎత్తులో, ఫోటోఫ్లడ్ బల్బులను (ఫోటోల కోసం వాడే బాగా ప్రకాశవంతమైన బల్బులను) వరుసగా బిగించి వాటిని గది కప్పు వైపు తిప్పారు. వెలుగు కప్పుకు తగిలి గదంతటా మెత్తగా పరుచుకుంటుంది. పదునైన నీడలు ఉండవు. అది కిటికీ వైపు నుంచే వస్తుంది కాబట్టి పగటి వెలుగులో కలిసిపోతుంది. కప్పు రంగు బాగా లేకపోతే వెండి కాగితం అంటించేవారు.

దీనివల్ల వచ్చిన లాభం కెమెరామన్ కంటే నటులకే ఎక్కువ. గది మొత్తం ఒకే వెలుగులో ఉన్నప్పుడు నటి లేచి కిటికీ దగ్గరకు వెళ్లవచ్చు, మంచం మీద వాలవచ్చు, మనసు మారి తలుపు వైపు నడవవచ్చు. ఎక్కడికి వెళ్లినా బొమ్మ పడుతుంది. షాటుకూ షాటుకూ మధ్య లైట్లు మార్చే పని లేదు కాబట్టి నటుల మూడ్ చెడదు, దర్శకుడి ఆలోచన తెగదు. ఒక్కో షాట్‌కు విడిగా వెలుగు కట్టే అలవాటు పోయి, గదికి వెలుగు కట్టే అలవాటు వచ్చింది. కుతార్ చలనచిత్రానికి ఇచ్చిన అసలు కానుక ఇదని నా నమ్మకం. చేతిలో పట్టుకున్న కెమెరా గురించి అందరూ మాట్లాడతారు. ఆ కెమెరా ఎటైనా తిరగగలిగింది కప్పు వైపు తిప్పిన ఆ బల్బుల వల్ల అని చెప్పేవాళ్లు తక్కువ.

ఆ పద్ధతి మన సుబ్రత మిత్ర ముందే చేశారు కదా?

చేశారు. మిత్ర ఛాయాగ్రాహకుడిగా సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’ 1956లో విడుదలైంది. కాశీలోని ఇంటి ప్రాంగణాన్ని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేశారు. నలువైపులా గోడలు, పైన ఆకాశం ఉండే ప్రాంగణంలోకి దిగే నీడలేని వెలుగును స్టూడియో దీపాలతో రప్పించడం ఎలాగన్నది మిత్ర ముందున్న ప్రశ్న. ప్రాంగణం పైన తెల్లని బట్ట కట్టించి, కింది నుంచి దీపాల వెలుగును దాని మీదికి కొట్టించి, తిరిగి వచ్చే వెలుగుతో చిత్రీకరించారు. ‘ల ప్తీ సోల్దా’ కంటే ఇది నాలుగేళ్లు ముందు.

ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని అనడానికి ఆధారం లేదు, అనాల్సిన అవసరమూ లేదు. ఇద్దరి అవసరాలు వేరు. మిత్ర సెట్టును నిజమైన ఇంటిలా కనిపించేలా చేయాలనుకున్నారు, కుతార్ నిజమైన గదిలో సెట్టులో దొరికే వీలును సంపాదించాలనుకున్నారు. అయినా ప్రపంచ సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ పద్ధతి గురించి రాసేటప్పుడు మిత్ర పేరు ముందు రావాలి. ఈ విషయంలో మనవాళ్లు మొహమాటపడాల్సిన పని లేదు.

కుతార్ నలుపు తెలుపు చిత్రాలకే పరిమితమా?

కానే కాదు. 1961లో వచ్చిన ‘యూన్ ఫామ్ ఎ యూన్ ఫామ్’ గొదార్‌కు మొదటి రంగుల చిత్రం, వెడల్పు తెర చిత్రం కూడా. మొదట నిజమైన ఇంట్లోనే తీద్దామనుకున్నారు. ఆ ఇల్లు కుదరకపోవడంతో స్టూడియోలో అచ్చం అలాంటి ఇల్లు కట్టించారు. స్టూడియో సెట్టులో గోడలు ఊడదీసి కెమెరాకు చోటు చేసుకోవడం, పైకప్పు లేకుండా పైనుంచి లైట్లు దించడం మామూలు. గొదార్ మాత్రం గోడలు కదలకూడదన్నారు, కప్పు ఉండాలన్నారు. స్టూడియోకు వచ్చి కూడా అద్దె ఇంట్లో పడే ఇరుకంతా కుతార్ పడ్డారు. ఆ ఇరుకే చిత్రానికి అందం తెచ్చిందని చూసినవాళ్లు ఒప్పుకుంటారు.

1963 నాటి ‘ల మెప్రి’లో కుతార్‌ను మనం స్వయంగా చూడవచ్చు. చిత్రం మొదలవగానే ఒక వీధి. దూరంగా పట్టాల మీద ట్రాలీ, దాని మీద పెద్ద మిచెల్ కెమెరా, వెనక కుతార్. పుస్తకం చదువుతూ నడిచే అమ్మాయి పక్కనే ట్రాలీ మెల్లగా మన వైపు వస్తుంది. తెర మీద పేర్లు పడవు. సాంకేతిక నిపుణుల పేర్లను ఒక గొంతు చదువుతుంది, వాటిలో కుతార్ పేరూ వినిపిస్తుంది. దగ్గరకు వచ్చాక ఆయన కెమెరాను తిప్పి, వంచి, లెన్సును సూటిగా మన మీద గురిపెడతారు. తర్వాత కాప్రి దీవిలో మలపార్తె భవనం మెట్లు, మధ్యధరా సముద్రపు నీలం, ఎర్రని సోఫాలు. ఎండను మచ్చిక చేసుకోకుండా దాని మానాన దాన్ని వదిలేసిన రంగులు అవి.

1965లో వచ్చిన ‘పియరో ల ఫూ’లో ఒక చిన్న దృశ్యం చూడండి. బెల్మొండో, అన్నా కరీనా రాత్రిపూట కారులో వెళుతుంటారు. కారు అద్దం మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు వెలుగులు వంపు తిరిగి జారిపోతుంటాయి. నిజానికి ఆ కారు కదలడం లేదు. వీధి దీపాలు దాటిపోతున్నట్టు అద్దం ముందు రంగు దీపాలను గుండ్రంగా తిప్పారు, అంతే. చుట్టూ చీకటి. అది నిజం కాదని దాచే ప్రయత్నం కూడా లేదు. వాస్తవికత తప్ప మరొకటి తెలియని మనిషి అని కుతార్‌ను అనుకునేవాళ్లకు ఈ దృశ్యం సమాధానం.

త్రుఫోతో పని ఎలా ఉండేది?

‘తిరే స్యూర్ ల ప్యానిస్త్’, ‘జూల్ ఎ జిమ్’, ‘లా పో దూస్’ చిత్రాలు ఇద్దరూ కలిసి చేశారు. ‘జూల్ ఎ జిమ్’లో ముగ్గురు స్నేహితులు వంతెన మీద పరుగుపందెం వేసుకునే దృశ్యం చాలామందికి గుర్తుంటుంది. కెమెరా వాళ్లతో పాటే పరిగెత్తుతుంది, కుదుపులను దాచుకోదు. 1968 నాటి ‘లా మారియే ఎతే ఆన్ న్వార్’ సమయానికి మాత్రం ఇద్దరికీ పొసగలేదు. షూటింగు పొడవునా వాదనలే. ఆ తర్వాత త్రుఫో మళ్లీ ఆయన్ని పిలవలేదు. అది ఇద్దరికీ నష్టమేనని నేను అనుకుంటాను. త్రుఫో తర్వాతి చిత్రాలు ఛాయాగ్రాహకుడు నేస్తర్ అల్మెంద్రోస్ చేతిలో ఎంత అందంగా వచ్చినా, ఆ పరుగులోని ఊపిరి మళ్లీ కనిపించలేదు.

దెమీ మొదటి చిత్రం ‘లోలా’ను ఇక్కడే ప్రస్తావించాలి. నాంత్ నగరంలో తీసిన ఆ చిత్రంలో కిటికీలు, వీధులు తెల్లగా మండిపోతుంటాయి. మామూలుగా అయితే తప్పు అనిపించుకునే అతివెలుగును కావాలని ఉంచి, ఆ ఊరికి కలలాంటి మెరుపు తెచ్చారు.

1967లో గొదార్‌తో ఎందుకు విడిపోయారు?

ఇద్దరూ కలిసి చేసిన తొలి దశలో చివరి చిత్రం ‘వీకెండ్’. పల్లె దారిలో ఆగిపోయిన కార్ల బారు పక్కన కెమెరా దాదాపు ఎనిమిది నిమిషాల పాటు సాగిపోయే ట్రాలీ దృశ్యం అందులోదే. మధ్యలో అక్షరాల పలకలు అడ్డుపడినా కదలిక ఒకే వేగంతో, నింపాదిగా సాగుతుంది. అది అయ్యాక గొదార్ మామూలు సినిమా వ్యవస్థకే దూరమై, చిన్న బృందాలతో రాజకీయ చిత్రాల వైపు వెళ్లారు. సైన్యం నుంచి వచ్చిన కుతార్‌కు ఆ రాజకీయాలు గిట్టలేదు. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిశారు, ఆ సంగతి కింద ఉంది.

కోస్టా గావ్రాస్ ‘జెడ్’ కూడా ఆయనదేనా?

అవును, 1969లో వచ్చింది. గ్రీసులో జరిగిన రాజకీయ హత్య కథను అల్జియర్స్‌లో తీశారు. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకుంది. శస్త్రచికిత్స చేసే ఇంగ్లిషు వైద్యుడిగా ఒక్క క్షణం కనిపించేది కుతారే.

ఆయన దర్శకత్వం కూడా చేశారా?

మూడు చిత్రాలకు చేశారు. వాటిలో మొదటిది, మిన్న అయినది 1970 నాటి ‘హోవా బిన్’. యుద్ధం మధ్యలో చెల్లెలిని చూసుకోవాల్సి వచ్చిన వియత్నాం కుర్రవాడి కథ. ఎవరి పక్షం న్యాయమైనదని వాదించకుండా ఒక పిల్లవాడి కంటి ఎత్తులో నుంచి యుద్ధాన్ని చూపించింది. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్రం బహుమతి, ఫ్రాన్స్‌లో జాన్ విగో బహుమతి వచ్చాయి, విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. పదకొండేళ్లు గడిపిన దేశానికి ఆయన తిరిగి ఇచ్చుకున్నది అదే. తర్వాతి రెండూ 1980లో, 1983లో వచ్చిన యుద్ధ, గూఢచారి చిత్రాలు. వాటి కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఛాయాగ్రాహకుడిగా ఏయే పురస్కారాలు వచ్చాయి?

ఆశ్చర్యం ఏమిటంటే, ఆయనకు పేరు తెచ్చిన 1960ల చిత్రాలకు కెమెరా పనికి చెప్పుకోదగ్గ బహుమతులేవీ రాలేదు. దీనికి ఒక కారణం, ఫ్రాన్స్‌లో ఏటా ఇచ్చే సెజార్ పురస్కారాలు 1976లో గాని మొదలు కాలేదు. మరో కారణం, ‘అందమైన’ ఛాయాగ్రహణం అంటే స్టూడియో మెరుగులే అని అనుకునే రోజులవి.

సెజార్ 1978లో ‘ల క్రాబ్ తాంబూర్’ చిత్రానికి వచ్చింది. దర్శకుడు మళ్లీ షోండోర్ఫరే. నౌకాదళ అధికారుల కథ. ఉత్తర అట్లాంటిక్‌లో, నిజమైన యుద్ధనౌక మీద, అలలు డెక్కు మీదికి విరుచుకుపడుతుంటే తీశారు. ఆ సముద్రాన్ని వర్ణించడం నా వల్ల కాదు. మంచుపొగలో ఓడ ముందుభాగం నీళ్లలోకి దిగి మళ్లీ లేచే దృశ్యాలను పెద్ద తెర మీదే చూడాలి. కథలోని ఆ అధికారులు కూడా ఇండోచైనా జ్ఞాపకాలు మోసేవాళ్లే. అంతకుముందు 1965లో ఇదే జంట కంబోడియా అడవుల్లో ‘లా 317ఎమ్ సెక్సియాన్’ తీసింది. తిరుగుముఖం పట్టిన చిన్న సైనిక దళం కథ అది. నటులు కూడా సైనికుల్లాగే అడవిలో బతుకుతూ పనిచేశారు. ఆకుల మధ్య నుంచి దిగే వెలుగును, చెమట, బురద పట్టిన ముఖాలను చూస్తే దాన్ని తీసిన మనిషి అక్కడ ఇంతకుముందు తిరిగినవాడని చెప్పకనే తెలుస్తుంది. నన్ను అడిగితే ఆ సెజార్ పదమూడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

1982లో ‘పాస్యాన్’ చిత్రానికి కాన్ ఉత్సవంలో సాంకేతిక మహాబహుమతి. 1983లో ‘ప్రెనోం కార్మెన్’ చిత్రానికి వెనిస్‌లో, శబ్దగ్రాహకుడు ఫ్రాన్స్వా ముసీతో కలిపి సాంకేతిక బహుమతి. 1997లో అమెరికన్ ఛాయాగ్రాహకుల సంఘం అంతర్జాతీయ పురస్కారం ఇచ్చి గౌరవించింది.

ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చిందా?

రాలేదు. ఆ విభాగంలో నామినేషన్ కూడా లేదు.

‘పాస్యాన్’ ప్రత్యేకత ఏమిటి?

గొదార్, కుతార్ పదిహేనేళ్ల తర్వాత కలిసి చేసిన చిత్రం. అందులో ఒక దర్శకుడు రెంబ్రాంట్, గోయా, దెలాక్రువా వంటివారి చిత్రపటాలను నటులతో సజీవంగా నిలబెట్టి చిత్రీకరించాలని చూస్తుంటాడు. వెలుగు కుదరడం లేదని పదేపదే ఆపేస్తుంటాడు. కుతార్ పని ఎంత క్లిష్టమో ఊహించండి. రెంబ్రాంట్ పటంలోని వెలుగును తెర మీదికి తేవాలి, అదే సమయంలో అది ఇంకా కుదరలేదని కథ చెబుతుండాలి. జీవితమంతా స్టూడియో దీపాలను దూరం పెట్టిన మనిషి, అరవైకి దగ్గరపడ్డాక, స్టూడియో దీపాలతో ఏం చేయగలడో ఇక్కడ చూపించారు. ఆ తర్వాతి ‘ప్రెనోం కార్మెన్’లో మళ్లీ ఉన్న వెలుగుతోనే సరిపెట్టుకున్నారు. అదే వాళ్లిద్దరి చివరి చిత్రం.

ఆయన పద్ధతిలో లోపాలు లేవా?

ఉన్నాయి. పైనుంచి పరుచుకునే వెలుగులో కళ్ల కింద నీడలు పడతాయి. లోతుగా కూర్చున్న కళ్లున్న నటులకు అది ఇబ్బంది. గది మొత్తం ఒకే వెలుగులో ఉంటే ముఖాలు గోడలో కలిసిపోయే ప్రమాదం ఉంది. గోడలు తెల్లగా ఉన్న గదుల్లో బాగా పనిచేసే పద్ధతి ముదురు రంగు గోడల మధ్య చతికిలబడుతుంది. ఆయన్ని అనుకరించిన చాలా చిత్రాలు చప్పగా కనిపించడానికి కారణం ఇదే. కుతార్ ఇరుకు గదుల్లో కూడా నటిని ఎక్కడ నిలబెడితే ముఖం వెనక నుంచి విడివడి కనిపిస్తుందో కనిపెట్టేవారు. అది బల్బులతో వచ్చేది కాదు.

డిజిటల్ కెమెరాతో తీసేవాళ్లకు ఈ కథలన్నీ ఎందుకు?

ఇప్పటి చాలా డిజిటల్ సినిమా కెమెరాలకు 800 మామూలు వేగం. పెట్టె తెరవగానే దొరుకుతుంది. 1959లో అదే 800 కోసం చుట్టలు అతికించి, ల్యాబును బతిమాలాల్సి వచ్చింది. కాబట్టి వేగం ఇక సమస్య కాదు. లఘుచిత్రాలు తీసే మిత్రులు చాలామంది ఉన్న వెలుగులో తీశామని చెబుతూ అన్ని గదులూ ఒకేలా బూడిదరంగులో చూపిస్తున్నారు. షూటింగుకు ముందు రోజు ఆ గదిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని కిటికీ వెలుగు ఎప్పుడు ఏ గోడ మీద పడుతుందో రాసుకోండి. నటులను ఆ వేళకు పిలవండి. చాలకపోతే ఒక దీపాన్ని కిటికీ వైపు నుంచే కప్పుకు కొట్టించండి, ఎదురుగా పెట్టకండి.

చివరి చిత్రం ఏది?

ఫిలిప్ గారెల్ 2001లో తీసిన ‘సోవాజ్ ఇన్నొసాన్స్’. నలుపు తెలుపులో, వెడల్పు తెర మీద. అప్పటికి కుతార్ వయసు డెబ్బై ఆరు దాటింది. గారెల్‌తో అంతకుముందు ‘లా నెసాన్స్ ద లామూర్’, ‘ల కర్ ఫాంతోమ్’ కూడా చేశారు. మొదటిది కూడా నలుపు తెలుపే. కుతార్ అనగానే గొదార్ పేరుతోనే ఆగిపోయేవాళ్లు ఈ మూడింటిని తప్పక చూడాలి. నవతరంగం పాత కథగా మారిపోయాక, ఆ చేయి ఏమాత్రం వణకకుండా పనిచేసిన రోజులవి.

మొదట ఏది చూడాలి, ఏ ప్రతి చూడాలి?

‘బ్రెత్‌లెస్’తో మొదలుపెట్టి, వెంటనే ‘లా 317ఎమ్ సెక్సియాన్’ చూడమంటాను. రెండూ నలుపు తెలుపే, రెండింట్లోనూ దాదాపు దొరికిన వెలుగే. ఒకటి పారిస్ వీధి, మరొకటి కంబోడియా అడవి. పక్కపక్కన చూస్తే ఆ చేయి ఒకటేనని తెలిసిపోతుంది. తర్వాత రంగుల కోసం ‘ల మెప్రి’, ‘పియరో ల ఫూ’. యూట్యూబ్‌లో దొరికే మసకబారిన ప్రతులు చూసి అభిప్రాయం ఏర్పరచుకోకండి. వాటిలో తెలుపు కాలిపోయి, నలుపు మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. ‘బ్రెత్‌లెస్’ పునరుద్ధరించిన ప్రతిని కుతార్ స్వయంగా పరిశీలించి ఆమోదించారు. హోటల్ గదిలో సీబెర్గ్ ముఖం ఎంత తెల్లబారాలో ఆ ప్రతిలో ఆయన కోరుకున్నంతే తెల్లబారుతుంది.